చీమల పంచనామా

జమేదారు అజ్మత్ అలీ బూట్ల మడమలకు ఇనుప లాడాలు ఉండేవి. గౌలిపుర సందుల్లో ఆయన నడిచి వస్తుంటే కొట్టాల్లో బర్రెలు సైతం ఒక చెవి అటు తిప్పేవి. కొత్వాలీ నౌకరీ ముగిసి, వజీఫా తీసుకుంటూ ఇంట్లో కూర్చోవలసిన మనిషి. కూర్చోలేదు. నాలుగేళ్లుగా ప్రతి సాయంత్రం నమాజు కాగానే షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకుని, చేత బెత్తం పట్టుకుని గస్తీకి బయలుదేరేవాడు. ఆ గస్తీ తిరగమని ఆయనను అడిగినవారు లేరు. మానమని చెప్పగలిగినవారూ లేరు. చాంద్రాయణగుట్ట బాట మొదలయ్యేదాకా వెళ్లి, దారిలో మూసిన దుకాణాల తాళాలు లాగి చూసి, వీధి కుక్కలను ఒక్కొక్కదాన్నీ మందలించి, తిరిగి వచ్చి తన ఇంటి మెట్ల కింద ఉన్న వడ్రంగి కొట్టు ముందు ఆగేవాడు.

"అంతా ఖైరియతేనా నర్సింహా?"

"ఖైరియతే సాబ్."

తరిమెన మీద మంచపుకోడు తిరుగుతుండగా బాలనర్సింహ తల ఎత్తకుండానే జవాబు చెప్పేవాడు. రోజు మొత్తంలో అతను పలికే మాటల్లో ఆ రెండూ పెద్ద భాగం. భార్య నీలమ్మ అవతల కూర్చుని తరిమెన తాడు లాగేది. ఆ ఇంటి తరఫున మాట్లాడే పని కూడా ఆమెదే.

ఆ కొట్టు ఇచ్చింది జమేదారే. పదకొండేళ్ల కింద అమ్రాబాదు అడవి పక్క పల్లె నుంచి బాడిసె, నాలుగు ఉలులు సంచిలో వేసుకుని, పెండ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చిన బాలనర్సింహ అలియాబాద్ దర్వాజా దగ్గర దిక్కు తెలియక నిలబడి ఉంటే, అనుమానం వచ్చి ఆపినవాడు అజ్మత్ అలీ. అరగంట ప్రశ్నలు వేశాడు. బాలనర్సింహ ఆరు మాటలు చెప్పాడు. దొంగలు బాగా మాట్లాడతారని, ఇంత తక్కువ మాట్లాడేవాడు దొంగ అయి ఉండడని జమేదారు తేల్చాడు. తన మెట్ల కింద చోటు చూపించాడు. బాలనర్సింహ ఆ మేలు మాట ఎన్నడూ పైకి అనలేదు గానీ, ఆ బూట్ల చప్పుడు వినకుండా ఏ సాయంత్రమూ ఉలి కింద పెట్టలేదు.

నిజాం సర్కారు లెక్కన ఫసలీ పదమూడు వందల నలభై ఎనిమిదిలో, ఎండలు తగ్గుతున్న రోజుల్లో, ఆ చప్పుడు మారింది. టక్కు టక్కు అని రెండూ సమంగా పడేవి. ఇప్పుడు కుడి కాలు టక్కుమంటోంది, ఎడమది ఒక గుక్క ఆగి మెత్తగా పడుతోంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకంటే ముందు మెట్ల కింద ఉన్న వడ్రంగికి తెలిసింది. కోడు పొడుగులో గింజంత తేడా చెవితో పట్టగల మనిషి. కానీ అడగలేదు. అడగడం అతనికి రాదు.

వారం తర్వాత పాల ఆగమ్మ చెప్పింది. ఆ సందులో ఏ ఇంటి ముచ్చటయినా పాలతోపాటే వచ్చేది.

"నీలమ్మా, విన్నవా? సాబింట్ల మోరీ కాడ చీమలు పట్టినయంట. సాబు పోయొచ్చినంక బారు కడుతున్నయంట. బేగమ్మ హకీంను పిలిపించింది. ఒంట్ల షక్కరుందని చెప్పిండు. కాలి బొటనవేలుకు పుండు గూడ ఉందంట, బూటు కొరికిందంట. మానుతలేదంట."

"ఇగ ఏం జేస్తరంట?"

"తీపి బందు. గోరు చుట్టు నల్లబడితే దవాఖానల వేలు తీసేస్తరంట. సాబు మొకం చూడాలె నువ్వు. వేలు పోతదంటే ఏమనలే. జిలేబీ బందంటే మాత్రం గోడకు ఆనుకున్నడంట."

బాలనర్సింహ చిత్రిక ఆపాడు. మళ్లీ పట్టాడు.

ఆ సాయంత్రం జమేదారు కొట్టు ముందు ఆగి ఖైరియత్ అడగలేదు.

"నర్సింహా, బీజాసార్ అని ఒక చెట్టుందంట. హకీం సిరాజుద్దీన్ సాబ్ చెప్పిండు. దాని లక్కడ్‌తోని గిలాస చేపించి, అండ్ల నీళ్లు నానబెట్టి తాగాలంట. నాకు ఆ చెట్టు కావాలె. హులియా రాసుకో. నరికితే ఖూన్ కారుతదంట."

"యేగిస," అన్నాడు బాలనర్సింహ.

హులియా, అంటే ఆనవాళ్లు, చెప్పడం పూర్తికాక ముందే ముద్దాయి దొరికినందుకు జమేదారుకు కొంచెం నిరాశ కలిగింది.

యేగిసను బాలనర్సింహకు ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. గొడ్డలి మొదటి వేటుకే బెరడులోంచి ఎర్రగా కారే చెట్టు. చిన్నప్పుడు తండ్రి వెంట అడవికి పోయి మొదటిసారి ఆ నెత్తురు చూసి వెనక్కి ఉరికాడు. తండ్రి నవ్వి, ఆ కారినదాన్ని ఎండబెట్టి గవ్వంత ముక్కలు చేసి ఇంటికి తెచ్చాడు. పంటి నొప్పికి, విరేచనాలకు తల్లి అదే నూరి పెట్టేది. ఆకు పశువులకు. కర్ర బండికి, దర్వాజాకు, డోలు గుల్లకు. పని చేసినవాడి చేతులు రెండు రోజులు పసుపుపచ్చగా ఉండేవి. నల్లమల నుంచి వచ్చిన బండి మీద తెప్పించుకున్న యేగిస మొద్దు ఒకటి కొట్టు మూలన మూడేళ్లుగా ఎండుతోంది. ఎందుకు దాచాడో అతనికే తెలియదు.

మరునాడు గిలాస తయారైంది. మందమైన అంచు, నడుము దగ్గర రెండు గీతలు. పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికి తేనె రంగు తిరిగాయి. ఎండకు ఎత్తి పట్టుకుంటే అంచు వెంట నీలం నీడ ఆడింది. జమేదారు ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. తర్వాత తాగాడు. తాగినవాడి మీసాలు రెండూ చెవుల వైపు పోయాయి.

"ఇది దవా కాదు నర్సింహా. సజా."

మూడు రోజులు ఆ సజా అనుభవించాడు. నాలుగో రోజు మెట్లు దిగి వచ్చిన మనిషి ముఖంలో, పాత కేసులో కొత్త దారి దొరికిన వెలుగుంది.

"రాత్రంతా సోంచాయించిన. హకీం ఏమన్నడు? ఈ లక్కడ్ షక్కర్‌ను మారేస్తది, సంపేస్తదన్నడు. హౌనా? మరి నీళ్లల్ల షక్కర్ ఉంటదా? ఉండది. లేని షక్కర్‌ను ఇది యాడికెళ్లి పట్టుకుంటది? దొంగే లేని గల్లీల సిపాయిని నిలబెడితే ఫాయిదా ఏంది? షక్కర్‌ను గిలాసల వెయ్యాలె. అప్పుడు పట్టుకుంటది."

బాలనర్సింహకు ఇందులో ఎక్కడో బొక్క ఉందనిపించింది. ఎక్కడో చెప్పలేకపోయాడు. కర్ర సంగతి తనకు తెలుసు గానీ, షక్కర్ సంగతి తెలియదు.

"ఏమో సాబ్," అన్నాడు.

జమేదారు దాన్ని సమ్మతి కింద రాసుకున్నాడు. ఆ సాయంత్రమే యేగిస గిలాసలో గులాబీ షర్బత్ పోయించుకుని, సిపాయి తన పని తాను చేసుకునేందుకు పావుగంట గడువిచ్చి, తాగాడు. ఒంట్లో మస్తు హుషారుగా ఉందన్నాడు. మర్నాడు ఖీర్ తినడానికి కటోరా కావాలన్నాడు. ఆ తర్వాత చెంచా. చెంచా లేకపోతే, కటోరా నుంచి నోటిదాకా పోయే దారిలో షక్కర్ తప్పించుకునే ప్రమాదం ఉందట. ఆ తర్వాత డబల్ కా మీఠాకు రికాబీ. చివరికి ఒక డబ్బా, మూత, మూతకు గొళ్లెం.

"గొళ్లెమెందుకు సాబ్?" అని ఈసారి అడిగింది నీలమ్మ.

"జిలేబీలకు హవాలాత్," అన్నాడు జమేదారు. "పొద్దుందాక అండ్ల బంద్ చేసి పెడితే, సాయంత్రానికల్లా షక్కర్ అంత నరమ్ అయితది. నౌకరీల ఎంత పెద్ద గూండాగాళ్లను చూసినం, ఒక్క దినం లోపలుంటే మెత్తపడనోడు లేడు."

బాలనర్సింహ అన్నీ చేశాడు. కొట్టు ఇచ్చిన మనిషని పుణ్యానికి చేశాడు, అదే అతని బాధ. కాదనలేక చేసిన ప్రతి వస్తువుతో మెట్ల మీద బూటు చప్పుడు ఇంకాస్త మెత్తబడుతోంది. మొద్దు సగం అరిగింది. గస్తీ కూడా అరిగింది: చాంద్రాయణగుట్ట బాట దాకా పోయే మనిషి మిఠాయి దుకాణం మూల దాకా పోయి వస్తున్నాడు. ఒక రోజు ఎడమ కాలికి బూటు లేకుండా, పాత చెప్పుతో దిగాడు. ఒక టక్కు, ఒక చప్పు. ఆ రోజు బాలనర్సింహ తల ఎత్తి చూశాడు. వేలికి కట్టిన గుడ్డ మీద రంగు బాగాలేదు.

రాత్రి అన్నం ముందు కూర్చుని, "నా గిలాసే," అన్నాడు నీలమ్మతో.

"నీ గిలాస ఏం జేసింది? పోసుకున్నోడు సాబు. పోయి చెప్పు."

"ఏమని?"

ఏమని చెప్పాలో మర్నాడు దొరికింది. కింది మెట్టు మీద జమేదారు తాగి పెట్టిన యేగిస గిలాస ఉంది. అడుగున రెండు చుక్కల షర్బత్. కొట్టు గడప కింది చీలికలోంచి ఎర్రచీమలు బారు కట్టి, గిలాస ఎక్కి, అంచు దాటి లోపలికి దిగుతున్నాయి. బాలనర్సింహ గొంతుక్కూర్చుని బీడీ ఒకటి అయ్యేదాకా చూశాడు. అవి ఎక్కడా తడబడలేదు. వెళ్లినవి కడుపు నింపుకుని వస్తున్నాయి.

సాయంత్రం ఆ గిలాసను జమేదారు ముందు పెట్టాడు.

"దీనికి చీమలు పట్టినయి సాబ్."

"పట్టనియ్."

"షక్కర్ చావలే."

ఇంత పెద్ద ప్రసంగం అతని నోట జమేదారు ఎప్పుడూ వినలేదు. తెల్లబోయి, తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "హకీం మాట చూడాల్నా, నీ చీమల మాట చూడాల్నా? అవి ఏ మదర్సాల చదివినయి?"

పాలచెంబు దింపి అక్కడే నిలబడ్డ ఆగమ్మ ఊరుకోలేదు. "మోరీ కాడ మీ రోగం హకీం కన్నా ముందుగాల పట్టింది గా చీమలే గద సాబూ! అప్పుడు ఏ మదర్సాల చదివినయో గిప్పుడు గూడ గదే."

మేడ మీది పరదా వెనక నుంచి ఖుద్సియా బేగం నవ్వు వినపడింది. ఆ నవ్వు జమేదారుకు చీమకంటే గట్టిగా కుట్టింది.

"సరే! పంచనామా చేద్దాం," అన్నాడు బెత్తం మెట్టు మీద కొట్టి. "ముప్ఫై ఏళ్ల నౌకరీల గవాహీ లేకుండ ఒక్క కేసు బంద్ చెయ్యలే. ఒక గిలాస పీతల్‌ది, ఇత్తడిది, ఒకటి బీజాసార్‌ది. రెండిట్లల్ల ఒకటే షర్బత్. చీమలు పీతల్ గిలాసకు పోయి బీజాసార్‌ను వదిలేస్తె నేను గెలిచినట్టు. డబల్ కా మీఠా వండి పెట్టాలె, ఒక్క మాట అనొద్దు. దీనికీ పోతె, సామాన్లన్ని వాపస్. హకీం చెప్పినట్టు ఉంట."

"ఖబూల్," అంది పరదా. "నర్సింహ భాయ్, ఆయన మాట మీరిద్దరు విన్నరు. యాద్ పెట్టుకోండి."

శుక్రవారం నమాజు తర్వాత కొట్టు ముందు బండ కడిగించారు. జమేదారు షేర్వానీ వేసుకుని, మోకాళ్ల మీద కాగితం పలక పెట్టుకుని, కొట్టులోని ఎత్తు పీట మీద కూర్చున్నాడు. వేలు పోటు పెడుతుందేమోనని ఖుద్సియా బేగం చెప్పు కూడా వేసుకోనివ్వలేదు. గుడ్డ కట్టిన ఎడమ కాలు బండ మీద చాచి ఉంది. పంచులు ఇద్దరు: వడ్ల బాలనర్సింహ, పాల ఆగమ్మ. ఇద్దరికీ ఉర్దూ చదవడం రాదు. అది ఆటంకం కాదన్నాడు జమేదారు, చదవడం వచ్చిన పంచులే లొల్లి పెడతారట.

సుద్దతో రెండు గుండ్రాలు గీశారు. ఒకదాంట్లో ఇత్తడి గిలాస, ఒకదాంట్లో యేగిస గిలాస. గడప చీలిక నుంచి దూరం జానతో కొలిచి సమం చేశారు. ఆగమ్మ ఏ గిలాసలో ఎక్కువ షర్బత్ పోశారోనని వంగి చూసి, తల ఊపింది.

"వఖ్త్, పగలు రెండున్నర," అని పైకి చదువుతూ రాశాడు జమేదారు. "ముద్దాయి నంబర్ ఒకటి, పీతల్. ముద్దాయి నంబర్ రెండు, బీజాసార్. చీమలు హాజర్ కాలే."

చీమలు హాజరు కాకపోవడం పావుగంట సాగింది. ఈలోగా దారిన పోయేవాళ్లు ఆరుగురు ఆగారు. ఏం జరుగుతోందని ఒకరు అడిగితే, సర్కారీ పని, ముందుకు పో అన్నాడు జమేదారు. వాళ్లు ముందుకు ఒక అడుగు వేసి మళ్లీ నిలబడ్డారు.

తర్వాత ఒక చీమ వచ్చింది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. మీసాలు ఆడించింది. అది తిరిగి లోపలికి పోయింది.

"రిపోర్ట్ ఇయ్యనీకి పోయింది," అంది ఆగమ్మ.

నిజంగానే పోయినట్టుంది. కాసేపటికి గడప కిందినుంచి దండు దిగింది. సగం దూరం ఒకే బారుగా వచ్చి, అక్కడ చీలింది. ఒక పాయ ఇత్తడి గిలాసకు. జమేదారు మీసం మెలేశాడు. ఇంకో పాయ యేగిస గిలాసకు. ఇత్తడి నున్నగా ఉండి జారుతోంది కాబట్టి కర్ర గిలాస దగ్గరే ఇంకా గబగబా ఎక్కుతున్నాయి.

"అరె!" అన్నాడు జమేదారు. "ఇవి తెలువని చీమలు. కొత్తవి. పహిలా తాగనియ్, అండ్ల షక్కర్ లేదని తెలిసినంక వాటికే శరమొస్తది."

"అండ్ల మునిగి తాగుతున్నయి సాబూ," అంది ఆగమ్మ.

"తొందర వద్దు! నేను రాస్తున్న. ముద్దాయి నంబర్ ఒకటి దగ్గర, అందాజ నలభై. నంబర్ రెండు దగ్గర..." కలం ఆగింది. "అది గూడ అందాజ నలభై. గని మతలబ్ వేరే ఉండొచ్చు."

ఆగమ్మ నవ్వుతోంది. దారిన పోయేవాళ్లు నవ్వుతున్నారు. మేడ మీద పరదా కదులుతోంది. బాలనర్సింహ ఒక్కడు గిలాసలను చూడడం లేదు. దండు చీలిన చోటునే చూస్తున్నాడు. కర్రలో పగులు ఎటు పోతుందో చూసే చూపు అది.

"సాబ్," అన్నాడు. "మూడోది రాయలే."

"మూడోదేంది? గిలాసలు రెండే."

"కాలు."

జమేదారు వంగి చూశాడు. దండు చీలింది రెండు పాయలుగా కాదు, మూడు. మూడోది సుద్ద గుండ్రాలను అసలు పట్టించుకోకుండా, బండ మీదుగా తిన్నగా వచ్చి, ఆయన ఎడమ మడమ ఎక్కి, జారిన గుడ్డ కిందికి దూరుతోంది. ఎర్రచీమలు. ఒక్కటి కుడితే మనిషి ఎగిరి గంతేసే చీమలు. ఎంతసేపటి నుంచి ఎక్కుతున్నాయో గానీ వేలు చుట్టూ ఎర్రటి ఉంగరంలా పట్టి ఉన్నాయి. అంతసేపూ జమేదారు నెమ్మదిగా, అక్షరం అక్షరం దిద్దుకుంటూ రాస్తూ కూర్చున్నాడు.

ఆగమ్మ నవ్వు సగంలో ఆగింది.

"కుడుతలేవా?" అన్నాడు బాలనర్సింహ.

జమేదారు బెత్తం కొసతో వేలును తాకాడు. మళ్లీ కొంచెం గట్టిగా పొడిచాడు. పక్కింటి గోడను పొడిచినట్టుంది ఆయన ముఖం.

"నహీ," అన్నాడు చిన్నగా.

బాలనర్సింహ నీళ్ల చెంబు తెచ్చి, ఆ కాలును తన తొడ మీద పెట్టుకుని, చీమలను ఒక్కొక్కటిగా కడిగాడు. వేలు కొన వేడిగా ఉంది. గోరు చుట్టూ ఎరుపు ముదిరింది గానీ నలుపు ఇంకా రాలేదు. ఆ సంగతి రెండుసార్లు చూసి నమ్మాడు.

"క్యా హువా జీ?" అని పరదా అడిగింది. "ఎవరు గెలిచిన్రు?"

జమేదారు కలం మళ్లీ సిరాలో ముంచి, ఈసారి పైకి చదవకుండా రాశాడు. రాసి, ఎండనిచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"ముద్దాయి నంబర్ మూడు," అని చదివాడు. "అజ్మత్ అలీ వల్ద్ బర్కత్ అలీ, ఉమర్ యాభై తొమ్మిది, సాకిన్ గౌలిపుర. చీమలు ఇతని దగ్గర గిలాసల కన్నా ఎక్కువ దొరికినయి. ఇతనికి తెలువలే. ఇద్దరు పంచుల ముందర జుర్మ్ సాబిత్, నేరం రుజువయింది." అని ముందు తాను దస్తఖత్ చేసి, ఇద్దరితో వేలిముద్రలు వేయించాడు. చివరి వాక్యం తర్వాత కలపవలసింది ఇంకా ఉందన్నట్టు ఆగి, పైకి చూసి గట్టిగా అన్నాడు: "బేగం, సామాన్లన్ని జప్త్ చేయి. డబ్బా గూడ."

"డబ్బాల జిలేబీలున్నయి."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. అక్కడున్న ఎనిమిది మందీ ఆయనతోపాటు ఆలోచించారు.

"వాటిని రిహా చేయి. పంచులకు పంచు."

శిక్ష కూడా ఆయనే వేసుకున్నాడు: మూడు నెలల నజర్‌బందీ. గడప దాటకూడదు, తీపి ముట్టకూడదు, యేగిస గిలాసలో ఉత్త నీళ్లు. హకీం సిరాజుద్దీన్ రోజూ వచ్చి పుండు కడిగి కట్టు కట్టేవాడు. షర్బత్ సంగతి విన్న రోజు ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, ఇటువంటి మరీజును తన తాత కూడా చూసి ఉండడన్నాడు. కటోరా, చెంచా, రికాబీ మెట్లు దిగి కొట్టుకు వాపసు వచ్చాయి. హవాలాత్ డబ్బాను మాత్రం ఖుద్సియా బేగం వదలలేదు. ఉప్పు పోసుకుంది.

బందిఖానాలో ఉన్నా మనిషి పని లేకుండా ఉండలేడు గదా. జమేదారు పొద్దున్నే మోరీ దగ్గర పీట వేసుకుని కూర్చుని చీమల హాజరీ తీసేవాడు. లెక్క మేడ మీద నుంచి అరిచి కింద వడ్రంగికి చెప్పేవాడు.

"నర్సింహా! ఇయ్యాల అరవై!"

బాలనర్సింహ దర్వాజా చట్రం మీద ఉలితో ఒక గాటు పెట్టేవాడు. వారం తర్వాత నలభై. మధ్యలో ఒక రోజు ఉన్నట్టుండి తొంభై. ఆ రోజు మేడ మీద ఖుద్సియా బేగం గొంతు చాలాసేపు వినపడింది. సేమ్యా గిన్నె అడుగు గీకినట్టు ఒప్పుకోలు జరిగిందని పాలతోపాటు కిందికి వచ్చింది. తర్వాత ముప్ఫై. పద్దెనిమిది. ఐదు. వేలి గోరు ఊడిపోయింది, వేలు ఉండిపోయింది. ఒక రోజు వేడినీళ్లు పడితే ఆ కాలు వెనక్కి లాక్కుని జమేదారు పెట్టిన కేక విని, కాలికి స్పర్శ తిరిగి వచ్చిందని ఖుద్సియా బేగం షుక్రానా నమాజు చదివింది.

చలి మొదలైన ఒక సాయంత్రం తరిమెన మీద కోడు తిరుగుతోంది. బాలనర్సింహ చెయ్యెత్తి నీలమ్మను తాడు ఆపమన్నాడు. మెట్ల మీద చప్పుడు. టక్కు. టక్కు. ఎడమది ఇంకా ఒక వీసం ఆలస్యం, కానీ ఇనుమే. అది సందు మలుపు తిరిగి, మిఠాయి దుకాణం మూల దగ్గర కాస్త ఆగింది. మళ్లీ కదిలింది, చాంద్రాయణగుట్ట వైపు.

చీకటి పడే వేళకు తిరిగి వచ్చి కొట్టు ముందు నిలబడింది.

"అంతా ఖైరియతేనా నర్సింహా?"

ఈసారి బాలనర్సింహ తల ఎత్తాడు. ఉలి కింద పెట్టాడు.

"మోరీ కాడ?" అని అడిగాడు.

జమేదారు బెత్తం చంకలో పెట్టుకుని, రెండు మడమలూ టక్కున కలిపి నిలబడ్డాడు.

"గైర్ హాజర్," అన్నాడు. "పారిపోయిన్రు. తలాష్ చెయ్యొద్దు."